దూడ వాటా

శృంగవరపుకోట నుంచి కోడలిగా వచ్చి ముప్పై రెండేళ్ళుగా అరకు బజారులో కిరాణా కొట్టు మీద కూర్చున్నదాన్ని. నూకరత్నం కొట్టులో దొరకని సరుకు లోకంలోనే ఉండదనే పొగరు నాకు కొంచెం ఉండేది. ఆ పొగరు కిందటేడు ఏప్రిల్లో ఒక ఉదయం దిగింది. తేజస్వి అనే విశాఖపట్నం అమ్మాయి కొట్టు ముందు స్కూటీ ఆపి, నల్ల కళ్ళద్దాలు నెత్తి మీదకి తోసుకుని, "ఆంటీ, గ్రీక్ యోగర్ట్ ఉందా?" అని అడిగింది.

"అదేటమ్మా, తలకి రాసుకునేదా?" అన్నాను.

ఆ పిల్ల ఓపికగా చెప్పింది. పెరుగులో నీళ్ళన్నీ ఓడ్చేస్తే మిగిలే గట్టి పెరుగట. దానికి పట్నంలో చాలా గిరాకీ అట.

"ఓలమ్మో! పెరుగు గుడ్డలో మూటకట్టి దండేనికి ఏలాడగడితే వొచ్చేదానికి గ్రీకు దేశం దాకా ఎల్లాలేటమ్మా?" అన్నాను. బస్తాల వెనక నుంచి మా ఆయన సూర్యనారాయణ పకపకా నవ్వారు. ఆయన నా మాటకి నవ్వడం ఏడాదికి ఒకటి రెండుసార్లే కాబట్టి ఆ రోజు నాకు బాగా గుర్తుండిపోయింది.

తేజస్వి పనసపుట్టు ఊరి దారిలో నాలుగు చెక్క గదులు కట్టింది. ఎదురుగా కొండ, కింద వలిసె పూల చేలు చూపించి పట్నం వాళ్ళని దింపుకుంటుంది. అక్కడ పొద్దుటి ఫలహారానికి ఇడ్లీ లేదు, పూరీ లేదు. స్మూతీ బౌల్ అని పెడుతుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన అరటిపండు ముక్కలూ, గట్టి పెరుగూ కలిపి మిక్సీలో తిప్పి గిన్నెలో పోస్తుంది. పైన బొప్పాయి ముక్కలు, పనస తొనలు, వేయించిన వలిసె గింజలు, కాస్త కొండ తేనె. చలికాలమైతే లంబసింగి నుంచి వచ్చే స్ట్రాబెర్రీలు. ఆరోగ్యం అంటుంది. మా అమ్మ ఇంట్లో పిల్లలు పెరుగులో అరటిపండు పిసుక్కు తింటుంటే, ఇవాళ మీ ఇంట కూర వండలేదా అని ఇరుగుపొరుగు అడిగేవాళ్ళు.

నిజం చెప్పాలంటే బాగుంటుంది. మొదటిసారి తిన్నప్పుడు గిన్నె అడుగుదాకా గీకి, ఇంకా ఉందేమోనని వంటింటి వైపు చూశాను. గిన్నెలుగా వాడ్డానికి కొబ్బరి చిప్పలు కొరియర్‌లో తెప్పించింది చూడండి, అదొక్కటే నేను క్షమించలేను. ఘాటీ దిగితే మా వైపు కొబ్బరి చిప్పలు పొయ్యిలో పెట్టుకుంటాం. ఇక వచ్చే జనం సంగతి చెప్పనక్కర్లేదు. తినే ముందు ఫొటో, చెంచా ముంచాక ఫొటో, మధ్యలో తినడానికే తీరిక ఉండదు.

తేజస్వికి వచ్చిన చిక్కల్లా పెరుగుతోనే. పట్నం నుంచి ప్యాకెట్లు ఘాటీ ఎక్కి వచ్చేసరికి ఉబ్బిపోయి పుల్లగా అయిపోతున్నాయి. ఊళ్ళో తోడుపెట్టిన పెరుగు కావాలంది.

"నీ కాడ గదులు ఊడ్సే సోని ఇంట ఆవు ఈనింది గదా. ఆ గుంటకి పెరుగు తోడెట్టడం నాను నేర్పుతాను," అన్నాను.

ఎంత తేలిగ్గా అనేశానో! ఈ కథలో తప్పెవరిదని ఎవరైనా అడిగితే మొదటి వేలు నా వైపే చూపించుకోవాలి.

సోనికి ఇరవై ఏడేళ్ళు. నన్ను పిన్నీ అంటుంది. ఐదేళ్ళప్పుడే తల్లి జ్వరంతో పోతే మేనత్తల ఇళ్ళలో ఒక నెల ఇక్కడ, ఒక నెల అక్కడ పెరిగింది. పద్దెనిమిదేళ్ళకి పనసపుట్టు రవిబాబుని చేసుకుంది. రవిబాబు బొర్రా గుహలకి జీపు తోలుతాడు. కాపురానికి వచ్చిన కొత్తలో సోనికి పొయ్యి పని చేతకాదు. రోజు విడిచి రోజు అంబలి మాడగొట్టేది. అత్త అచ్చియమ్మ ఒక్క మాట అనకుండా మాడిన కుండ తానే తోమి, మళ్ళీ వండి, మొదటి డొప్ప అంబలి కోడలి చేతికే ఇచ్చేదట. తల్లి చేతి ముద్ద తనకు గుర్తులేదనీ, అత్త చేతి అంబలే గుర్తనీ సోని నాతో చాలాసార్లు చెప్పింది.

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని ఘాటీ కింద మా పల్లంలో సామెత. ఆ సామెత కట్టినవాళ్ళు పనసపుట్టు ఎప్పుడూ రాలేదు. శుక్రవారం సంతకి అత్తాకోడళ్ళు కలిసి దిగేవాళ్ళు. ఒక్క పొట్లం పకోడీ కొనుక్కుని మా కొట్టు మెట్ల మీద కూర్చుని తినేవాళ్ళు. ఆఖరి ముక్క నువ్వు తినంటే నువ్వు తినని ఇద్దరూ వాదులాడుకునేవాళ్ళు. వాళ్ళ వాదన తేలేలోపు ఆ ముక్క నేను తినేసేదాన్ని.

అలాంటి ఇంట్లోకి పాల చెంబు పట్టుకెళ్ళినదాన్ని నేనే.

ఆ కొండల్లో పాతతరంవాళ్ళు చాలామంది ఆవుని పితకరు. ఆవు ఉండేది దుక్కిటెద్దుని కనడానికి, చేలో పేడ వెయ్యడానికి. పాలు దూడవి. ఇంట్లో ఆవు ఉన్నా టీ నల్లగానే తాగుతారు. ఈ సంగతి నాకు తెలియక కాదు. తెలుసు, కానీ అది తెలియనితనం అనుకున్నాను. పొదుగు నిండా పాలు పెట్టుకుని పెరుగు ముద్ద ఎరగకపోవడం ఏమిటి, చోద్యం కాకపోతే అనుకున్నాను. మన కంచంలో లేనిది ఎదుటివాడికి లేమి అనుకోవడం పల్లం నుంచి ఎక్కిన మాబోటి వాళ్ళకి పుట్టుకతో వచ్చిన గుణం.

ఒక ఆదివారం వెళ్ళి సోనికి మా ఇంటి పద్ధతంతా నేర్పాను. రాత్రి దూడని దూరంగా కట్టెయ్యాలి. పొద్దున్న ఒక్క నిమిషం చీకనిచ్చి, ఆవు చేపగానే, అంటే పొదుగులోకి పాలు దిగగానే, దూడని లాగేసి, నాలుగు చన్నులూ పిండుకోవాలి. ఆఖరున కాస్త వదిలితే దూడకి చాలు. పాలు కాచి, చిటికెన వేలు ముంచితే ఓర్చుకునేటంత వేడిగా ఉన్నప్పుడు తోడు కలపాలి. తోడు మా ఇంటి నుంచే ఇచ్చాను. దీపాలు పెట్టాక తోడు అడిగితే మాత్రం ఇవ్వనని ముందే చెప్పాను. అది మా ఇంటి ఆచారం.

మొదటి రోజు సోని పాల వాసనకి ముక్కు చిట్లించింది. వారం తిరిగేసరికి నన్ను దాటిపోయింది. అంబలి పులిసే ఇంట్లో పెరిగిన పిల్ల కదా, ఏది ఎంత పులిసిందో మూత తియ్యకుండానే చెప్పేస్తుంది. పెరుగు ఎప్పటికి తోడుకుంటుందో నేను గడియారం చూసి చెబుతాను. ఆమె మూత దగ్గర ముక్కు పెట్టి చెబుతుంది. చలి ముదిరి మా ఇంట్లో పాలు పాలలాగే ఉండిపోయిన రోజుల్లో కూడా సోని గిన్నె పొయ్యి పక్క బూడిద మీద పెట్టి, గోనెపట్టా చుట్టి, గడ్డ పెరుగు తీసేది.

"అంబలి కుండకి ఏటి సేత్తామో అదే సేసినాను పిన్నీ," అంది.

తేజస్వి మొదటి చెంచా నోట్లో పెట్టుకున్న రోజునే సోని చేతిలో చీపురు తీసేసి గరిట పెట్టింది. పొద్దుటి గిన్నెల పని మొత్తం సోనిదే అయింది. పండు ఎంత ముగ్గాలి, పెరుగు మూట ఎన్ని గంటలు వేలాడాలి, వలిసెలు ఎక్కడిదాకా వేగాలి, అన్నీ ఆమె చెబితేనే. తన పని ఎవరైనా బాగుందనడం ఆ పిల్లకి బతుకులో అదే మొదలు. నడక కూడా మారింది. చూస్తుంటే నాకు భలే సంతోషంగా ఉండేది.

ఇంటి దగ్గర మాత్రం ఇంకొకటి జరిగింది. ఆవుని పితకడం మొదలైన మూడో రోజున అచ్చియమ్మ తన అంబలి కుండ, ఆనపబుర్ర గరిట, మూడు రాళ్ళు పట్టుకుని వసారాలోకి వచ్చేసింది. అరవలేదు, తిట్టలేదు. వసారా మూల రాళ్ళు పేర్చి వేరే పొయ్యి పెట్టుకుంది. ఆ రోజు నుంచి కోడలి పొయ్యి మీద ఉడికింది ముట్టలేదు. కోడలు ముంచిన నీళ్ళు కూడా తాగలేదు. కొడుకు అడిగితే, "దూడ నోటి కాడది లాగిన సేతి కూడు నాకొద్దు," అందట. రవిబాబు ఇటు పెళ్ళాంతో అనలేక, అటు తల్లితో అనలేక, రోజూ పెందలాడే జీపెక్కి బొర్రా పోయేవాడు.

సోని మొదటి నెలంతా రోజూ కంచం పట్టుకెళ్ళి అత్త ముందు పెట్టింది. అచ్చియమ్మ కంచం మీద ఆకు కప్పి, మనుషులెవరూ లేనప్పుడు కుక్కకి పెట్టేది. తర్వాత సోని కంచం పట్టుకెళ్ళడం మానేసింది.

"పని మానేద్దామంటే మనసు రాదు పిన్నీ. ఆ గిన్నెలు సేత్తంటే నాను కూడా ఒక మనిసిననిపిత్తాది," అంది ఒక సంత రోజున. ఒక్కతే వచ్చింది. పకోడీ కొనలేదు. "అత్త ఒక్కపాలి నా సేతి కూడు తింటే సాలు. ఇంకేటీ అడగను. ఒంటిపూట వండుకుని ఎలాగ సిక్కిపోనాదో సూసినావా?"

చూశాను. ఆ మాటతో నాకు పౌరుషం వచ్చింది. ముసలావిడ చాదస్తం వదిలిద్దామని మర్నాడే పనసపుట్టు ఎక్కాను.

అచ్చియమ్మ వసారాలో కూర్చుని చోళ్ళు, అదే రాగులు, చెరుగుతోంది. ముక్కుకి మూడు ముక్కెరలు, నెరిసిన జుట్టు ముడి, ఎండిన చేతులు. నన్ను చూసి పీట జరిపి, ఏమీ అడగకుండానే ఒక డొప్పలో అంబలి పోసి ఇచ్చింది.

"ఏటి అచ్చియమ్మా, కోడలి మీద ఇంత పంతమేటి? మేమందరం ఆవు పాలు తాగే బతకతన్నాం. మాకేటయింది?" అన్నాను.

"మీ పల్లంలో ట్రాక్టరుంది," అంది అచ్చియమ్మ చేట ఆపకుండా. "మాకు దూడే ట్రాక్టరు. పాలు నేని దూడ ఎద్దవుద్దా? ఎద్దు నేకపోతే సోడి సేను ఎవులు దున్నతారు? నువ్వు తాగతన్న అంబలి ఎక్కడ నుంచి వొస్తాది?"

ఆమె చేట పక్కన పెట్టి, గడ్డంతో రాటకేసి చూపించింది. "దాన్ని సూడు."

దూడ కోడెదూడ. ఆరు నెలల వయసుకి ఉండాల్సినంత లేదు. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. మా పల్లం ఆవులు ఇచ్చినన్ని పాలు కొండ ఆవు ఇవ్వదు. ఇచ్చేదే శేరున్నర. అందులో కాస్త వదిలితే దూడకి చాలునని నేర్పింది నేను. డొప్ప కింద పెట్టి లేచాను. ఇంటికొచ్చి మా ఆయనతో మాత్రం, అచ్చియమ్మ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళండీ, ఎంత చెప్పినా వినదు అన్నాను. ఓడిపోయానని మొగుడి దగ్గర ఒప్పుకునే ఆడదాన్ని నేనింకా చూడలేదు.

దూడకి ఇంకొంచెం వదలమని సోనికి చెప్పాను. ఆమె సరేనంది, రెండు చన్నులు వదిలింది కూడా. కానీ చలికాలం వచ్చింది. వలిసె పూలు చూడ్డానికీ, మంచు చూడ్డానికీ జనం విరగబడ్డారు. తేజస్వి నాలుగు గదుల పక్కన గుడారాలు వేసింది. గిన్నెలు ఎనిమిదయ్యాయి, పన్నెండయ్యాయి. రెండు చన్నులు ఒకటయింది, ఒకటి కాస్తా మళ్ళీ ఆఖరి నాలుగు చుక్కలయింది. సోని దురాశ పడిందని నేననను. అడిగినవాళ్ళకి లేదని చెప్పడం ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు.

జనవరి ఆఖరి ఆదివారానికి విశాఖపట్నం నుంచి ఇరవై మంది నడక సంఘం వాళ్ళు వస్తున్నారని తేజస్వి చెప్పింది. ఎనిమిది గంటలకి ఇరవై గిన్నెలు కావాలి. ఇది బాగా జరిగితే ప్రతి ఆదివారం ఇలాంటి గుంపు వస్తుందంది. శుక్రవారం వరకూ కూడబెట్టిన పెరుగు పన్నెండు గిన్నెలకి సరిపోతుంది. శనివారం పొద్దుటి పాలు తోడేస్తే మిగతా ఎనిమిదీ తేలిపోతాయి.

శనివారం తెల్లవారుతుండగా రవిబాబు జీపులో అరటిపండ్లూ, స్ట్రాబెర్రీల పెట్టెలూ వేసుకుని నేను పనసపుట్టు వెళ్ళాను. పొగమంచులో ఆవు ఎక్కడుందో కూడా సరిగా కనపడలేదు. సోని చెంబు పట్టుకుని రాట దగ్గరుంది. వసారాలో అచ్చియమ్మ పొయ్యి ఎగదోస్తోంది.

రోజూ తాడు విప్పకముందే గెంతే దూడ ఆ రోజు లేవలేదు. సోని కడుపు కింద చేతులు పెట్టి లేపితే లేచింది. నాలుగడుగులు వేసి పొదుగు అందుకుంది. ఆవు చేపింది. దూడని లాగెయ్యాల్సిన క్షణం అదే. సోని తాడు పట్టుకుని లాగింది. లాగగానే దూడ ముందు కాళ్ళు మడిచి కూలబడిపోయింది. కూలబడి కూడా మెడ చాచి పొదుగు కోసం వెతికింది.

సోని తాడు వదిలేసింది.

"ఒలే, ఏటి సేత్తన్నావు? రేపు ఇరవై గిన్నెలే! సాయంత్రం తాగుతాదిలే, పట్టు," అని అరిచాను. అది కూడా నేనే అన్నాను. దాచడమెందుకు.

"నిలబడనేకపోతంది పిన్నీ. తాగనీ," అంది సోని. దూడని మళ్ళీ లేపి, అది పడిపోకుండా తన భుజం ఆనించి, నాలుగు చన్నులూ తాగనిచ్చింది. ఖాళీ చెంబు మంచు తడిసిన నేల మీద పడి ఉంది. దూడ తోక ఆడించడం మొదలుపెట్టాక సోని ఏడ్చింది. నాకు ఎంత సిగ్గేసిందంటే స్ట్రాబెర్రీల పెట్టె దించే వంకతో జీపు వెనక్కి వెళ్ళిపోయాను. వసారాలో అచ్చియమ్మ మమ్మల్నే చూస్తోంది. 

సాయంత్రం కూడా సోని ఆవుని పితకలేదు.

ఆదివారం చీకటి విడుతుండగానే మళ్ళీ వెళ్ళాను. మా ఇంటి పెరుగు ఒక క్యాను నిండా పట్టుకెళ్ళాను. సోని దాన్ని ముట్టుకోలేదు. తేజస్వి బోర్డు మీద కొండ ఆవు పెరుగు అని రాసుకుంది, మాది ప్యాకెట్టు పాల పెరుగు.

"అబద్దం ఎలాగ ఎడతాను పిన్నీ? పన్నెండే ఉన్నాయని తేజస్వమ్మకి సెప్పేత్తాను. పని పోతే పోతాది," అంది. అంటూనే ముఖం చిన్నబోయింది. పెరుగు మూట విప్పి డబ్బాలోకి తియ్యడం మొదలుపెట్టింది.

అప్పుడు అచ్చియమ్మ వచ్చింది. తన అంబలి కుండ, మొత్తం కుండ, చంకనెత్తుకుని వచ్చి కోడలి గడప బయట దించింది.

"ఇది కలుపు," అంది.

సోని కుండ వంకా అత్త వంకా చూసింది. "అత్తా, మరి నీకో?"

"కలుపన్నాను గదా. బేగి ఎల్లు," అని అచ్చియమ్మ వెనక్కి తిరిగి దూడ దగ్గరికి వెళ్ళిపోయింది.

అంబలిలో చల్ల పోసుకోవడం మా పల్లంలోనూ ఉన్నదే. కాబట్టి అదేదో వింత జరిగిందని నేను చెప్పను. తేజస్వి వంటింట్లో సోని పెరుగూ, పులిసిన చోడి అంబలీ, గడ్డకట్టిన అరటిపండూ కలిపి తిప్పింది. ఇరవై గిన్నెలూ నిండాయి. రంగు మాత్రం మట్టి రంగు తిరిగింది. పైన ఎర్రటి స్ట్రాబెర్రీలు పెట్టినా ఆ కింది రంగు దాగలేదు. తేజస్వి వచ్చి ఒక గిన్నె దగ్గరికి లాక్కుంది. తర్వాత చెంచాతో ఒకసారి రుచి చూసింది. మళ్ళీ చూసింది.

"ఇదేంటి సోనీ?"

"మా అత్త అంబలండి. పాలు దూడకి ఒగ్గేసినాను. పెరుగు సాలలేదు."

తేజస్వి గడియారం చూసుకుంది, ఇంకేం చేస్తుంది, గిన్నెలు బయటికి పంపించింది. నడక సంఘం వాళ్ళు ఆ మట్టి రంగు చూసి ఫోన్లు జేబుల్లో పెట్టేశారు. ఫొటోకి పనికిరాకపోవడం వల్ల నేరుగా తినడం మొదలుపెట్టారు. ఇద్దరు ఆడవాళ్ళు పులుపెక్కువైందని పక్కన పెట్టేశారు. ఒక మీసాలాయన రెండోది అడిగి తిన్నాడు. మిగతావాళ్ళు గిన్నెలు గీకారు. పొగడ్తలేమీ కురవలేదు. ఆకలితో నడిచి వచ్చినవాళ్ళు తిని లేచారు, అంతే.

వాళ్ళు వెళ్ళాక తేజస్వి కాఫీ కప్పు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "వచ్చే ఆదివారం ఇరవై ఐదు మంది. ఎలా చేద్దాం?" అంది.

సోని గిన్నెలు కడుగుతూ తలెత్తలేదు. కానీ గొంతు స్పష్టంగానే ఉంది. "ముందు దూడ తాగుతాదండి. అది తాగాక మిగిలిందే పెరుగు. మిగిలితే ఉంతాది, నేకపోతే నేదు. మిగతాది అంబలి."

ఆ పిల్ల నోటి నుంచి లేదు అనే మాట వినడం నాకదే మొదటిసారి. తేజస్వి కాఫీ ఊదుకుంది. ఆ గుంట మొండిదే గాని చెడ్డది కాదు. "సరే. అంబలి చెయ్యడం మీ అత్తనడిగి నాకూ నేర్పు," అని వెళ్ళిపోయింది.

మేము పనసపుట్టు చేరేసరికి పదిన్నర అయింది. వసారాలో పొయ్యి చల్లారి ఉంది. అచ్చియమ్మ ఎండలో కూర్చుని దూడ వీపు గడ్డితో రుద్దుతోంది. ఉన్న ఒక్క కుండా ఇచ్చేసింది కదా, నిన్న మధ్యాహ్నం తిన్నదే తిండి. సోని లోపలికి వెళ్ళి గబగబా పొయ్యి రాజేసి అన్నం వండింది, చిక్కుడు గింజల కూర చేసింది. వండడమైతే అయింది. పిలవడానికి నోరు రాలేదు. గడప దాకా వస్తుంది, అత్త వంక చూస్తుంది, మళ్ళీ పొయ్యి దగ్గరికి పోతుంది.

"చల్లకొచ్చి ముంత దాచుకోడమేటే? పిలు," అన్నాను.

"రాదంటే?" అంది సోని. చిన్నపిల్ల గొంతుతో అంది. "ఇప్పుడు కూడా రాదంటే నానేటి సెయ్యాలి పిన్నీ?"

ఆమె ఇంకా గడప దగ్గర ఉండగానే అచ్చియమ్మ లేచింది. చేతులు దులుపుకుని, వసారా దాటి, గడప దాటి, మమ్మల్నిద్దరినీ పక్కకి తప్పుకోమన్నట్టు చూసి లోపలికి వచ్చింది. కోడలి పొయ్యి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఆకలేత్తంది. ఎట్టు," అంది.

సోని అడ్డాకు విస్తరి పరిచి అన్నం పెట్టింది. తొందరలో సగం మెతుకులు నేల మీద పడ్డాయి. నేను గుమ్మానికి ఆనుకుని నిలబడి ఏడుస్తున్నాను. సంతోషానికే ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. అచ్చియమ్మ కూర కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలి మింగింది. సోని కూర గరిట పట్టుకునే చూస్తోంది.

"ఇంత మెత్తగా వండినావేటి?" అంది అచ్చియమ్మ. "నాకు పళ్ళు నేవని ఎవులు సెప్పినారు?"

"రోజూ ఇలాగే వండతన్నాను అత్తా, ఎనిమిది నెల్లుగా. నువ్వు ఏ రోజు వొస్తావో తెలక."

ముద్ద పట్టుకున్న చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది.  తర్వాత అచ్చియమ్మ అది తిని ఇంకో ముద్ద చేసుకుంది.

"రేపు కొంచెం పలుకుగా వండు," అంది.